తెలియని భాషలో మొదటి పాఠం

మారతహళ్ళి,
24 ఆగస్టు 2025

బేబీ అత్తకు,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క ఫ్లాటువాళ్ళు ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందనుకుని బెల్లు కొడతారు. మెసేజ్ పెడదామంటే మామయ్య దాన్ని గాజుల కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళందరికీ పైకి చదివి వినిపిస్తాడు. అందుకని ఇవాళ్టి నుంచి ఉత్తరాలే. మారతహళ్ళి నుంచి మీ బళేపేటకు నేను బస్సులో పడి వచ్చేకంటే ఉత్తరం సుఖంగా వస్తుంది.

నా కొత్త ఉద్యోగం గురించి నాన్న నీకేం చెప్పి ఉంటాడో ఊహించగలను. "పంతుళ్ళకే పాఠాలు చెబుతుందట" అని ఉంటాడు. అక్షరాలా అదే పని. ఇక్కడి ప్రభుత్వ బళ్ళలో ఒకటో తరగతిలో చేరే పిల్లలు చాలామందికి ఇంట్లో కన్నడ లేదు. తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, ఏదో ఒకటి. వాళ్ళకు కన్నడ రెండో భాష. టీచర్లు మాత్రం ఆ పిల్లలు కన్నడలోనే పుట్టి పెరిగినట్టు మొదటి రోజే అక్షరాలు దిద్దిస్తారు. రెండో భాషను రెండో భాషలాగా ఎలా నేర్పాలో ఆ టీచర్లకు చూపించడం మా సంస్థ పని. నేను ఇంగ్లీషులో చెబుతాను, నాతో పనిచేసే స్టాన్లీ దాన్ని కన్నడలో చెబుతాడు. మా పెద్దాయన శశిధర్ గారు వెనక కుర్చీలో కూర్చుని తల ఊపుతారు.

మొదటి రోజే బోర్డు మీద పెద్దక్షరాలతో ఒక నియమం రాశాను: తరగతిలో పిల్లల ఇంటి భాష ఒక్క ముక్క కూడా వినిపించకూడదు. చుట్టూ కొత్త భాషే ఉంటే ఆ భాషే వస్తుంది. నేను చదువుకున్నది అదే.

పోయిన వారం ఒక బడికి వెళ్ళి వెనక కూర్చున్నాను. చైతు అని ఒక పాప ఉంది. తల్లిదండ్రులు తిరుపాలు, బాలమ్మ కదిరి వైపు నుంచి మెట్రో పనికి వచ్చారు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఆ పాప నోరు విప్పలేదట. కన్నడ మాటే కాదు, అసలు ఏ మాటా లేదు. పలక ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తుంది. ఆ పాప చేత ఒక్క మాట పలికించగలిగితే నా చదువు సార్థకమైనట్టే అనిపించింది.

ఒక సాయం చెయ్యి. రకరకాల రంగుల మట్టిగాజులు రెండు డబ్బాలు పంపించు. నా పాఠానికి కావాలి.

నీ మేనకోడలు
వరూధిని


బళేపేట,
31 ఆగస్టు 2025

కోడలు పిల్లకు,

మీ మామయ్య చదవకుండా నేనే ముందు చదవగలిగిన ఉత్తరం రాసినందుకు సంతోషం. ఆయన కవరు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు కూడా. లోపల ఏముందో చెప్పకుండా రెండు రోజులు ఏడిపించాను.

చెవి మిషన్ పెట్టుకోమని డాక్టరు ఇచ్చాడు. పెట్టుకుంటే బళేపేట మొత్తం నా తలలోకి వచ్చి కూర్చుంటుంది. తీసేస్తే మీ మామయ్య మాట వినిపించదు. తీసేసే ఉంచుతున్నాను.

నీ ఉద్యోగం మంచిదే. ఆ నియమం మాత్రం నాకు నచ్చలేదు. ఒక్క ముక్క కూడా వినపడకూడదా? ఇంటి మాట నీకేం అపకారం చేసిందే? నేను చదువుకున్నదాన్ని కాదు కాబట్టి ఊరుకుంటాను. మా మేడమీద అద్దెకున్న టీచరమ్మ కూడా ఏదో ట్రైనింగ్ అంటూ పొద్దున్నే మెజెస్టిక్‌లో బస్సు పట్టుకుని మీ వైపే పోతోంది. సాయంత్రం వచ్చేటప్పటికి మొహం వాడిపోయి ఉంటుంది. మీరంతా కలిసి ఆ పంతులమ్మలను ఏం చేస్తున్నారో ఏమో.

గాజులు పంపుతున్నాను. ఎరుపు, పచ్చ, పసుపు, తెలుపు, నీలం. పగిలితే పగిలాయి, ముక్కలు మాత్రం పిల్లల కాళ్ళ కింద పడనివ్వకు. నీ పాప మాట్లాడితే నాకు రాయి.

మీ అత్త
బేబీ


మారతహళ్ళి,
14 సెప్టెంబర్ 2025

అత్తా,

నీ గాజులు అద్భుతం చేశాయి! నిన్నటి నుంచి నేల మీద నడవడం లేదు.

ఏం చేశానో చెబుతాను. టీచర్ల శిక్షణలో 'తెలియని భాష పాఠం' అని ఒకటుంది. టీచర్లనే పిల్లలుగా కూర్చోబెట్టి, వాళ్ళకు బొత్తిగా రాని భాషలో పాఠం చెప్పాలి. అప్పుడు చైతులాంటి పాపకు ఎలా ఉంటుందో వాళ్ళకు అర్థమవుతుంది. నేను తెలుగులో చెప్పాను. ముందే ఇంగ్లీషులో అడిగాను, ఇక్కడ తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ముందు వరసలో వాళ్ళ హెడ్‌మాస్టర్లూ హెడ్‌మిస్‌లూ, వెనక టీచర్లు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

గాజులు బల్ల మీద పోసి మొదలుపెట్టాను. "ఎర్ర గాజు తీసుకో. పచ్చ గాజు పక్కవాళ్ళకు ఇవ్వు." చేత్తో చూపిస్తూ, మళ్ళీ మళ్ళీ అంటూ. తడబడతారనీ, సిగ్గుపడతారనీ అనుకున్నాను. పావుగంటలో అందరూ గాజులు తీసుకుంటున్నారు, ఇస్తున్నారు, కింద పెడుతున్నారు. ఒకసారి సైగ చేయడం మరిచిపోయి నోటితోనే చెప్పాను. అయినా చేసేశారు! రేణుక అని ఒక టీచర్ ఉంది, చైతు వాళ్ళ క్లాసు ఆవిడదే. నీలం గాజు వేసుకోబోయి "ఇది ఎక్కదు" అంది. నేను ఆ మాట నేర్పలేదు అత్తా! విన్నదాన్నుంచి మనసే కొత్త మాట అల్లుకుంటుందని పుస్తకాల్లో చదివాను. అది నా కళ్ళముందు జరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

శశిధర్ గారు ఇంత వేగంగా నేర్చుకోవడం ఎక్కడా చూడలేదన్నారు. రాత్రికి రాత్రే రిపోర్టు రాసి పైకి పంపారు. నా పద్ధతి, నీ గాజులు. మామయ్యకు ఇది మాత్రం పైకి చదివి వినిపించు.

వరూధిని


బళేపేట,
22 సెప్టెంబర్ 2025

వరూ,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. సంతోషమే.

దసరా ముందు కొట్లో నిలబడడానికి చోటు లేదు. పెళ్ళివాళ్ళు ఒకపక్క, బొమ్మల కొలువువాళ్ళు ఒకపక్క. అందుకే ఆలస్యమైంది. అందుకే అనుకో.

ఒక మాట చెబితే వింటావా? ఆ పాఠం ఇంకోసారి చెప్పాల్సి వస్తే తెలుగులో చెప్పకు. ఇంకే భాషైనా పట్టుకో. అస్సామీయో, మరేదో. బెంగళూరులో తెలుగు పనికిరాదు. ఇక్కడివాళ్ళు మహా మర్యాదస్తులు, ఎదటి మనిషి చిన్నబుచ్చుకోకూడదని చూస్తారు. ఇంతకంటే విడమరిచి చెప్పలేను. ఎందుకని అడగకు.

మీ మామయ్యకు ఉత్తరం చదివి వినిపించలేదు. ఆయనకు నోట్లో మాట నిలవదు.

బేబీ అత్త


మారతహళ్ళి,
30 సెప్టెంబర్ 2025

అత్తకు,

నీ ఉత్తరం చదివి మనసుకు కష్టమనిపించింది. దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి రాసేస్తున్నాను.

బెంగళూరులో తెలుగు పనికిరాదని నువ్వు అనడమా? చీరాలలో పుట్టినదానివి, నాన్నకు రామాయణం చదివి వినిపించినదానివి. ఇన్నేళ్ళు బళేపేటలో ఉండేసరికి నీక్కూడా మన భాష నలుగురిలో మాట్లాడడం నామోషీ అయిందా? లేక నా తెలుగు అక్కడివాళ్ళకు నవ్వులాటగా ఉంటుందని భయమా? మర్యాదస్తులు, చిన్నబుచ్చుకోవడం అంటూ ఏదో సన్నాయినొక్కులు నొక్కావు. ఎవరు చిన్నబుచ్చుకున్నారు? నా పాఠం విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మార్చడానికి వీల్లేదు కూడా. శశిధర్ గారి రిపోర్టు చూసి విద్యాశాఖ నుంచి ఒక పెద్ద మేడమ్ స్వయంగా వస్తున్నారు. నవంబర్ పదిహేనో తారీఖున, అదే పాఠం, అదే టీచర్లు. ఆవిడకు నచ్చితే ఈ శిక్షణ రెండు వందల బళ్ళకు వెళ్తుంది. నచ్చకపోతే డిసెంబర్‌తో మా ప్రాజెక్టు ఆఖరు, దాంతోపాటు నా ఉద్యోగమూ ఆఖరు. ఇలాంటప్పుడు ధైర్యం చెబుతావనుకున్నాను.

చైతు ఇంకా మాట్లాడలేదు.

వరూధిని


బళేపేట,
9 అక్టోబర్ 2025

ఓసి పిచ్చి మొహమా,

నామోషీయా? నాకా? ఈ వీధిలో నలభై ఎనిమిదేళ్ళుగా తెలుగులోనే అరిచి బేరాలాడుతున్నాను. నా తెలుగు అవెన్యూ రోడ్డు దాకా వినపడుతుంది. నీకు కోపం వస్తే వచ్చింది, ఇక దాచను. ఒట్టు వేయించుకున్న మనిషి నన్ను క్షమించాలి.

మా మేడమీది టీచరమ్మ అన్నాను చూడు, ఆవిడే మీ రేణుక. వాళ్ళ ముత్తాతల నాటి నుంచి బెంగళూరే, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పొద్దున లేస్తే "బేబమ్మా, పాలొచ్చినాయా?" అని మేడమీద నుంచి కేకేస్తుంది.

ఆ శనివారం సాయంత్రం వచ్చి మెట్ల మీద కూలబడి ఒకటే నవ్వు. చెవి మిషన్ పెట్టుకుని మరీ విన్నాను. "బేబమ్మా, ఈ దినం ఒక ఆంధ్రా పిల్ల మాకు తెలుగు నేర్పించింది. గాజంటే ఏమో తెలీనట్ల అందరమూ కండ్లు పెద్దవి చేసుకోని చూస్తా ఉంటిమి. నా పక్కన ఫర్హానా మిస్సుది మదనపల్లె. ముందరామెది చింతామణి. ఎవరు నగితే వాళ్ళు దొరికిపోతారని పెదాలు కరుచుకోని కూచుంటిమి" అంది.

మరి తెలుగొచ్చని ఎందుకు చెప్పలేదే అన్నాను. నవ్వు ఆగిపోయింది. "ముందర మా హెడ్‌మిస్ కూచోని ఉండాది గదప్పా. నేను కన్నడ టీచర్ని. ఇంట్లో తెలుగని తెలిస్తే రేపట్నుంచి నా కన్నడలో తప్పులు ఎతుకుతారు. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు, నేనెట్ల ఎత్తేది? ఆ పిల్లను చూస్తే పాపం, చెమటలు కారతా చెప్తా ఉండాది. మధ్యలో ఆపేదానికి మనసు రాలేదు" అని, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ పిల్లవి నువ్వని దానికి తెలియదు. నీ ఉత్తరం వచ్చాక నాకు తెలిసింది.

తెలుగు పనికిరాదన్నది అందుకు. ఇక్కడ అందరికీ వచ్చు కాబట్టి.

మీ అత్త


మారతహళ్ళి,
26 అక్టోబర్ 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. "ఇది ఎక్కదు" అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తోంది. ఆ మాట మీద నేను ఒక పేజీ రిపోర్టు కూడా రాశాను. నామోషీ అని నిన్ను అన్నందుకు లెంపలేసుకుంటున్నాను.

సిగ్గు తగ్గాక కోపం వచ్చింది. నా మీద కాదు, రేణుక మీద. చైతు జూన్ నుంచి ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. కదిరి నుంచి వచ్చిన పిల్ల, తెలుగు తప్ప ఏమీ రాదు. ఎదురుగా నిలబడ్డ టీచరుకు తెలుగు వచ్చు. నాలుగు నెలల్లో ఒక్కసారి, "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని ఆ పాపను అడగలేకపోయిందా? హెడ్‌మిస్ ఏమైనా అనుకుంటుందని పసిపిల్లను అలా వదిలేస్తారా?

సోమవారం శశిధర్ గారికి అంతా చెప్పేస్తాను. ఎవరెవరికి తెలుగు వచ్చో పేర్లతో సహా. పదిహేనో తారీఖున ఆ మేడమ్ ముందు అబద్ధపు పాఠం చెప్పడం నా వల్ల కాదు. ఉద్యోగం పోతే పోతుంది.

వరూధిని


బళేపేట,
29 అక్టోబర్ 2025

వరూధినీ,

ఇది మామూలు పోస్టు కాదు, కొరియర్. మీ మామయ్య స్వయంగా వెళ్ళి ఇచ్చాడు. సోమవారం దాటిపోయిందని తెలుసు. ఏం చేశావో తెలియక నాకు అన్నం సయించడం లేదు.

రేణుక పేరు బయటపెట్టావంటే ఇక ఈ గడప తొక్కకు. దాన్ని నమ్మి నీకు చెప్పలేదు నేను, నిన్ను నమ్మి చెప్పాను. దాని ఉద్యోగం మీద ఇద్దరు పిల్లల చదువులున్నాయి.

నువ్వు అంత కోపం తెచ్చుకున్నావు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఆ పాపతో తెలుగు మాట్లాడొద్దని ఎవరన్నారు? హెడ్‌మిస్ అన్నదనుకో. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసిందెవరు? రేణుక నాతో అంది, "ఆ పిల్ల ఎప్పుడు చూసినా కిటికీ దిక్కే చూస్తా ఉంటాది బేబమ్మా. ఒక మాట మాట్లాడదామని నోటిదాకా వస్తాది. మాట్లాడకూడదని ట్రైనింగ్‌లో రాసి పెట్టినారు" అని. నీ రాతే అది.

నేను పెళ్ళై వచ్చినప్పుడు నాకు పందొమ్మిది. ఇంట్లో వీళ్ళ తెలుగే సగం అర్థమయ్యేది కాదు, కొట్లో అంతా కన్నడ. నెలల తరబడి స్టూలు మీద నోరు మూసుకుని కూర్చున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు "గోపాలప్ప పెళ్ళాం మూగదా?" అని అడిగారట. మా అత్తగారు గాజులు ఎక్కించేటప్పుడు ప్రతి ఒక్కరితో ఒక మాట అనేది. "కై సడిల బిడి." చెయ్యి వదులుగా పెట్టమని. బిగిస్తే గాజు పగిలి గుచ్చుకుంటుంది. ఒకరోజు అత్తగారు ఒక పెద్దావిడ చెయ్యి నా చేతిలో పెట్టి, "నువ్వే ఎక్కించు. బయపడొద్దు, నేను పక్కనే ఉండాను గదా" అని తెలుగులో అంది. ఆ ఒక్క మాట వినేసరికి నా నోట కన్నడ వచ్చింది. "కై సడిల బిడి" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పెద్దావిడ చెయ్యి గుర్తుంది.

అన్నట్టు, బెంగళూరు వచ్చి నాలుగేళ్ళయింది కదా. నీకు కన్నడ ఎంత వచ్చు?

మీ అత్త


మారతహళ్ళి,
16 నవంబర్ 2025

అత్తా,

నీ కొరియర్‌కు "ఎవరి పేరూ చెప్పలేదు, అన్నం తిను" అని మామయ్యకు మెసేజ్ పెట్టాను. దాన్ని కొట్టు మొత్తానికీ చదివి వినిపించాడని తెలుసు. ఇప్పుడు మొత్తం రాస్తాను.

నీ ఆఖరి ప్రశ్న చదివి లెక్క వేసుకున్నాను. కూరగాయలు తెలుగులో కొంటాను. ఇంటి ఓనరుది నెల్లూరు. ఆటో ఎక్కి నేను హిందీ మొదలుపెడితే అతను తెలుగులో బదులిస్తాడు. ఆఫీసులో ఇంగ్లీషు, స్టాన్లీ పక్కన ఉంటే కన్నడ అవసరమే లేదు. కన్నడ టీచర్లకు శిక్షణ ఇస్తున్న నాకు కన్నడ రాదు.

శశిధర్ గారి దగ్గరికి వెళ్ళి, "బెంగళూరులో ఎవరికి ఏ భాష వచ్చో ఎవరూ హామీ ఇవ్వలేరు సార్. తెలుగు పాఠం మీద నాకు నమ్మకం పోయింది. హాల్లో ఒక్కరికి మాత్రం ఒక భాష రాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను" అన్నాను. ఎవరని అడిగారు. నేనే, కన్నడ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "నాలుగేళ్ళయింది గదమ్మా?" అన్నారు. అంతకు మించి తిట్టలేదు, అదే చాలింది. టీచర్లే పాఠం చెబుతారు, నేను పిల్లనవుతాను అన్నాను. చెడిపోతే నీ పూచీ అని ఒప్పుకున్నారు.

నిన్న ఆ మేడమ్ వచ్చారు. హెడ్‌మిస్‌లు అందరూ వచ్చారు. పాఠం చెప్పడానికి రేణుక లేచింది. నేను నీ మేనకోడలినని ఆమెకు అప్పటికీ తెలియదు.

అత్తా, నాకు పుస్తకాల్లో తెలిసింది వేరు, అక్కడ కూర్చుంటే తెలిసింది వేరు. ఆమె గాజు ఎత్తి "బళె" అంది. బళేపేటలో మేనత్తను పెట్టుకుని, బళె అంటే గాజని నాకు నిన్నటిదాకా తెలియదు! ఎరుపును వాళ్ళూ కెంపు అంటారు, అదొక్కటే చుట్టంలా పలకరించింది. తర్వాత వరసగా మాటలు వచ్చి పడ్డాయి. ఆమె "హసిరు బళె కొడి" అంది. పచ్చగాజు ఇమ్మనట, నేను పసుపు గాజు ఇచ్చాను. మళ్ళీ అంది, తెల్లది ఇచ్చాను. హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. నాకు ఎమ్మే ఉంది, ముప్పై ఒక్కేళ్ళున్నాయి, రేపు పొద్దున మళ్ళీ ఇంగ్లీషులో దర్జాగా మాట్లాడతాను. అవన్నీ తెలిసినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ వైపు చూశాను. చైతు ఎందుకు అటే చూస్తుందో అప్పుడు తెలిసింది.

రేణుక నా దగ్గరికి వచ్చింది. పచ్చగాజు నా చేతికి ఎక్కించబోయింది. నేను పిడికిలి బిగించి ఉన్నానని నాకే తెలియదు. "కై సడిల బిడి, మేడమ్" అంది. నేను వదలలేకపోయాను. అప్పుడామె వంగి, వాళ్ళ హెడ్‌మిస్ ఎదురుగా, ఆ పెద్ద మేడమ్ ఎదురుగా, అందరికీ వినపడేట్టు తెలుగులో అంది. "బయపడొద్దప్పా. తప్పు పోతే పోనీ, నేనుండాను గదా."

నా చెయ్యి వదులైంది. పచ్చగాజు ఎక్కింది. "హసిరు" అన్నాను.

నేను రాసిన నియమం బోర్డు మీద అలాగే ఉంది. లేచి వెళ్ళి దాన్ని తుడిచేశాను. పాఠం అయ్యేసరికి నాకు వచ్చినవి నాలుగే మాటలు. ఆ పెద్ద మేడమ్ రిపోర్టు తిప్పి చూసి, ఇందులో పావుగంటకే అంత రాశారు, ఇక్కడ నలభై నిమిషాలకు నాలుగేనా అన్నారు. శశిధర్ గారు నా వైపు చూశారు. రేణుక కన్నడలో జవాబు చెప్పింది, స్టాన్లీ తర్వాత నాకు చెప్పాడు. "ఒకటో తరగతి పిల్లకైనా అంతే మేడమ్. మేము మొదటి వారమే అక్షరమాల మొత్తం అడుగుతున్నాం" అందట.

వాళ్ళ హెడ్‌మిస్ లేచి వెళ్ళిపోయింది. రేణుకకు ఏమవుతుందో అని భయంగా ఉంది. పేరు నేను చెప్పలేదు అత్తా, ఆమే చెప్పుకుంది.

వరూధిని


బళేపేట,
23 నవంబర్ 2025

వరూ,

నీ ఉత్తరం రేణుకను పిలిచి చదివి వినిపించాను. నువ్వు నా మేనకోడలివని తెలిసి అది తల బాదుకుంది. "ముందే చెప్పింటే ఇంకా మెల్లిగా నేర్పిస్తా ఉంటి గదా!" అంది. తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం. మీ మామయ్య మూడు కాఫీలు పెట్టించాడు, ఒకటి తనకే.

హెడ్‌మిస్ గురించి దిగులుపడకు. సోమవారం రేణుకను పిలిచి, తెలుగు పిల్లలందరినీ నీ సెక్షన్‌లోకే వేస్తున్నాను అందట, అంతే. "పని పెరిగింది బేబమ్మా" అని గొణుగుతోంది. మొహం మాత్రం వాడిపోవడం లేదు.

చైతును రోజూ తెలుగులో పలకరిస్తోందట. బువ్వ తిన్నావా, చెప్పులేవి, అమ్మ పనికి పోయిందా అని. ఆ పాప తల ఎత్తి చూస్తుంది, అంతే. ఇంకా పలకలేదు.

నీ ఉద్యోగం సంగతి తెలిస్తే వెంటనే రాయి. దేవుడికి మొక్కుకోలేదు, మొక్కితే మీ మామయ్య ఏ దేవుడని ఆరా తీస్తాడు. అన్నట్టు, నువ్వు ఈసారి వచ్చినప్పుడు ఆయన నీతో తెలుగు మాట్లాడడు. నేను ఆర్డరు వేశాను.

మీ అత్త


మారతహళ్ళి,
7 డిసెంబర్ 2025

అత్తా,

ఈ ఉత్తరం రేణుక చేతికే ఇచ్చి పంపుతున్నాను. దారిలో చదవనని ఒట్టు వేసింది. చదువుతుంది.

రెండు వందల బళ్ళు రాలేదు. నాలుగు మాటల పాఠానికి అంత డబ్బు పెట్టలేమన్నారు. రేణుక వాళ్ళ బడి చుట్టుపక్కల ఉన్న కొన్ని బళ్ళు మాత్రం ఇచ్చారు, మార్చి దాకా. నా ఉద్యోగమూ మార్చి దాకా. తర్వాత ఏమిటో తెలియదు. మొదట బాధపడ్డాను, తర్వాత మార్చికి ఇంకా చాలా రోజులున్నాయి కదా అనుకున్నాను. శశిధర్ గారు ఒక షరతు పెట్టారు. శిక్షణ మళ్ళీ మొదలుపెట్టే ముందు నేను వారం రోజులు ఒకటో తరగతిలో కూర్చుని కన్నడ నేర్చుకోవాలి. ఏ బడిలో అని అడిగారు. నువ్వు ఊహించగలవు.

నిన్న శనివారం, నా ఆఖరి రోజు. పొద్దుటి బడే. ఆ వారమంతా చాప మీద చైతు పక్కనే కూర్చున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రేణుక బయటినుంచి ఒక కానుగాకు తెచ్చి పైకెత్తి, నన్నే లేపి అడిగింది. "ఎలె యావ బణ్ణ?" ఆకు ఏ రంగని. ఆ రోజు హాల్లో నేర్చుకున్న మాటే అత్తా, చేతికి ఆ పచ్చగాజు కూడా ఉంది. నాలుక మీదికి రాలేదు. పిల్లలు గొల్లున నవ్వారు. నేను తల వంచుకున్నాను.

ఎవరో నా చున్నీ లాగారు. చూస్తే చైతు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఎవరికీ వినపడకుండా, "నీగ్గూడా రాదా?" అంది.

రాదన్నాను.

పాప కాస్త జరిగి నా చెవి దగ్గరికి వచ్చింది. ఆ బళ్ళో అది నోరు విప్పింది నాకోసం.

"హసిరు అను" అంది.

అన్నాను.

నీ
వరూధిని